గాయాల చిట్టా ఉన్న కుర్రాణ్ని ఎంచుకోవచ్చా?

ఆట – ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నం క్రీడా ఫిజియోథెరపిస్ట్ జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను రుషికొండలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. అమెరికా వాళ్లతో రోజూ మాట్లాడే పని కావడంతో మా బృందానికి అక్కడి ఫుట్‌బాల్ మీద ఇష్టం పెరిగింది. ఏటా ఏప్రిల్‌లో అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ క్లబ్బులు కాలేజీ ఆటగాళ్లను రౌండ్ల వారీగా, వంతులేసుకుని ఎంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. దానికి ముందు మేమూ ఒక ఉత్తుత్తి డ్రాఫ్ట్ ఆడుకుంటాం. ఈసారి నాది 20వ వంతు. నాకు నచ్చిన ఆటగాడు కాలేజీలో పాస్ రషర్, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లి పడగొట్టేవాడు. మొదటి ఏడాది భుజానికి శస్త్రచికిత్స. రెండో ఏడాది మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. మూడో ఏడాది తొడ వెనక కండరం రెండుసార్లు పట్టేసి, 12 మ్యాచ్‌లకు 8 మాత్రమే ఆడాడు. ఆ ఎనిమిదింటిలో అతన్ని ఆపినవాడు లేడు. స్నేహితులందరూ వద్దంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: తీసుకోమనే అంటాను. అయితే అంతకుముందు ఒక్క సంగతి కనుక్కోండి. తొడ కండరం పట్టేసింది ఏ కాలికి? మోకాలికి శస్త్రచికిత్స జరిగిన కాలికేనా, రెండో కాలికా?

మీ జాబితాలో నాలుగు గాయాలున్నాయి. నా లెక్కలో అవి రెండే కావచ్చు. భుజం సంగతి తేలికగా తేలిపోతుంది. శస్త్రచికిత్స తర్వాత రెండేళ్లు అంతంత బరువున్న మనుషులను చేతులతో తోసి, లాగి, పడగొట్టి కూడా మళ్లీ జారలేదంటే దాన్ని పక్కన పెట్టేయవచ్చు. మిగిలింది మోకాలు. ఏసీఎల్ తెగినప్పుడు సాధారణంగా ఆటగాడి ఒంట్లోంచే ఒక స్నాయువు ముక్క తీసి కొత్త లిగమెంట్‌గా అమరుస్తారు. మోకాలిచిప్ప కింది స్నాయువులోంచి తీయడం ఒక పద్ధతి, తొడ వెనక కండరాల స్నాయువును తీయడం మరొకటి. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లకు అక్కడి సర్జన్లు ఎక్కువగా మొదటి పద్ధతినే ఎంచుకుంటారు. ఏ పద్ధతిలో చేసినా ఆ కాలి తొడ సన్నబడుతుంది. ఆ బలం తిరిగి రావడానికి, ఆటగాడు అనుకునేదానికంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది.

నా దగ్గరికి వచ్చే కబడ్డీ కుర్రాళ్లకు ముందుగా చేసేది టేపుతో కొలవడం. మోకాలిచిప్పకు పది సెంటీమీటర్ల పైన రెండు తొడలూ కొలుస్తాను. శస్త్రచికిత్స జరిగి ఏడాది దాటినా ఒక తొడ సన్నగానే ఉన్నవాళ్లు కనబడతారు. "బాగానే ఉంది మేడమ్" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే, నడిచేటప్పుడు బాగానే ఉంటుంది. అప్పుడు స్టేడియం గ్యాలరీ మెట్లు ఎక్కి దిగమంటాను. ఎక్కేటప్పుడు ఏమీ తెలియదు. దిగేటప్పుడు మాత్రం ఒంటి బరువంతా ఆ మోకాలి మీద పడే క్షణాన్ని తప్పించుకోవడానికి రెండో పాదాన్ని టక్కున కింది మెట్టు మీద వేసేస్తారు. చేయి తనకు తెలియకుండానే గోడ వైపు పోతుంది. ఆ తర్వాత ఒంటికాలి గెంతు. మంచి కాలు దూకిన దూరంలో రెండోది కనీసం 90 శాతం అందుకోకపోతే ఆ కుర్రాణ్ని నేను మ్యాట్ మీదికి పంపను, కోచ్ ఎంత బతిమాలినా సరే.

మీవాడికి అదే కాలి తొడ రెండుసార్లు పట్టేసి ఉంటే, బలం పూర్తిగా రాకముందే మైదానంలోకి దింపారని నాకు అనుమానం. అలాంటిది సరిదిద్దవచ్చు. మంచి క్లబ్బు, ఓపికగల ఫిజియో, ఒక వేసవి ఉంటే కుదురుకుంటుంది. అందుకే తీసుకోమంటున్నాను. రెండో కాలికో, ఒకసారి ఇటు ఒకసారి అటో అయితే మాత్రం నేను వెనకాడతాను. తొడ వెనక కండరం మళ్లీ దెబ్బతినడానికి అన్నిటికన్నా పెద్ద సూచన, అది ఇదివరకే దెబ్బతిని ఉండడం. కారణం తెలిసిన మోకాలి గాయం కన్నా కారణం తెలియని తొడ గాయమంటేనే నాకు ఎక్కువ భయం. అప్పుడు 20వ వంతులో వేరేవాణ్ని తీసుకుని, ఇతని కోసం రెండో రౌండ్ దాకా ఆగండి.

మీ స్నేహితులకు ఇద్దరి సంగతి చెప్పండి. జేలన్ ఫిలిప్స్, లయాటు లాటు ఇద్దరూ పాస్ రషర్లే. డాక్టర్లు ఇక ఆడవద్దన్నాక మళ్లీ ఆడి, ఇద్దరూ మొదటి రౌండ్‌లోనే ఎంపికయ్యారు. ఫిలిప్స్ యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో ఉండగా తలకు పదేపదే దెబ్బలు తగిలాయి. స్కూటర్ మీద వెళ్తుంటే కారు గుద్ది మణికట్టు దెబ్బతింది. 2018లో ఆట మానేశాడు. తర్వాత మయామీ విశ్వవిద్యాలయంలో చేరి, 2020లో పది మ్యాచ్‌ల్లో 8 శాక్‌లు చేశాడు, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసిరేలోపే ఎనిమిదిసార్లు పడగొట్టాడు. 2021 డ్రాఫ్ట్‌లో మయామీ డాల్ఫిన్స్ 18వ స్థానంలో తీసుకుంది. మొదటి రెండు సీజన్లూ 17కు 17 మ్యాచ్‌లు ఆడాడు. మూడో సీజన్లో, 2023 నవంబరులో, మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు తెగింది. మరుసటి ఏడాది మోకాలు. అందరూ భయపడింది తల గురించి, చివరికి పడగొట్టింది కాళ్లు.

లాటుకు వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2020లో మెడకు గాయమైంది, ఆట మానేయమన్నారు. వేరే నిపుణులు పరీక్షించి అనుమతించాక యూసీఎల్ఏకు వెళ్లి 2022లో 10.5, 2023లో 13 శాక్‌లు చేశాడు. 2024 డ్రాఫ్ట్‌లో మొదటి 14 మందీ దాడి చేసే వైపు ఆటగాళ్లే. 15వ స్థానంలో ఇండియానాపోలిస్ కోల్ట్స్ ఇతన్ని తీసుకుంది. ఆ ఏడాది ఎంపికైన మొదటి డిఫెన్స్ ఆటగాడు అతనే. మొదటి సీజన్లో మ్యాచ్‌లన్నీ ఆడాడు.

ఈ రెండు ఎంపికలూ సరైనవేనని నా గట్టి నమ్మకం. డాల్ఫిన్స్ ఎంచుకున్నప్పుడు వాళ్ల ముందున్న ప్రశ్న తలకు సంబంధించింది, దానికి వాళ్లు సరైన జవాబే కనుక్కున్నారు. రెండేళ్ల తర్వాత తెగబోయే స్నాయువును ఏ స్కానింగూ చూపించలేదు. కాలేజీలో సీజన్ పోగొట్టుకునేంత గాయమేదీ లేని జడవియన్ క్లౌనీ 2014లో మొట్టమొదటి ఆటగాడిగా ఎంపికై, తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని ఆ సీజన్లో చాలా భాగం బయటే కూర్చున్నాడు.

కష్టమైన ఉదాహరణా ఉంది. మిషిగన్ ఆటగాడు డేవిడ్ ఒజాబో 2022 మార్చిలో క్లబ్బుల ముందు కసరత్తు చూపిస్తుండగానే అకిలిస్ తెగింది. మొదటి రౌండ్ ఖాయమనుకున్నవాణ్ని బాల్టిమోర్ రేవెన్స్ 45వ స్థానంలో తీసుకుంది. అప్పటి ఆ క్లబ్బు డిఫెన్స్ కోచ్ అంతకుముందు ఏడాది మిషిగన్‌లో అతనికి శిక్షణ ఇచ్చినవాడే. అంటే కుర్రాడి మనసు, శ్రమ, స్వభావం అన్నీ తెలిసే తీసుకున్నారు. అయినా రెండో సీజన్లో మూడు మ్యాచ్‌లకే మోకాలు పోయింది. తొలి అడుగు వేగం మీదే బతికే ఆటగాడికి అకిలిస్ తెగితే, ఏసీఎల్ తెగిన దానికన్నా నేను ఎక్కువ తగ్గించి లెక్కవేస్తాను. మీవాడికి ఆ స్నాయువు జోలికి ఏదీ రాలేదు. అది మంచి సంగతి.

ఇక వీడియో ఎలా చూడాలో చెబుతాను. క్వార్టర్‌బ్యాక్ చేతిలో బంతి ఉండేది దాదాపు రెండున్నర సెకన్లు. అంతలోనే పాస్ రషర్ 140 కిలోల మనిషిని చుట్టుకుని వెళ్లాలి. వంపు తిరిగేటప్పుడు లోపలి చీలమండ పక్కకు బాగా ఒరుగుతుంది, బయటి కాలు నేలను తన్ని ఒంటిని ముందుకు నెడుతుంది. మీవాడికి ఏ మోకాలికి శస్త్రచికిత్స జరిగిందో తెలుసుకుని, మూడో ఏడాది మ్యాచ్‌లనే చూడండి. ఆ కాలు బయట ఉన్నప్పుడు ఎలా తిరుగుతున్నాడు, లోపల ఉన్నప్పుడు ఎలా తిరుగుతున్నాడు? ఒకవైపు వంపు బిగువుగా, మరోవైపు వెడల్పుగా ఉంటే ఆ మోకాలిని అతనింకా నమ్మడం లేదు. నాలుగో క్వార్టర్ తప్పకుండా చూడండి, అలసినప్పుడే అది బయటపడుతుంది. పైకి వెళ్తే అలసట ఇంకా పెరుగుతుంది: కాలేజీలో సీజనుకు 12 మ్యాచ్‌లు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2021 నుంచి 17.

డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్లను పరీక్షించడానికి ఇండియానాపోలిస్‌లో జరిపే కంబైన్‌లో టీవీ వాళ్లు 40 గజాల పరుగు చూపిస్తారు. క్లబ్బులకు అక్కడ అంతకన్నా ముఖ్యం వైద్య పరీక్షలు. గాయాలున్నవాళ్లను ఏప్రిల్‌లో మళ్లీ పిలిచి చూస్తారు. ఆ నివేదికలు మనదాకా రావు. రెండో పరీక్ష తర్వాత మీవాడి పేరు అన్ని అంచనాల్లో ఒక్కసారిగా కిందికి జారితే, డాక్టర్లు చూసిందేదో మనం చూడలేదని అర్థం చేసుకుని నా సలహా పక్కన పెట్టండి.

మొదటి రౌండ్‌లో తీసుకుంటే ఇంకో లాభం ఉంది. నాలుగేళ్ల ఒప్పందం మీద ఐదో ఏడాదిని కూడా ఉంచుకునే హక్కు క్లబ్బుకు ఆ రౌండ్ ఆటగాళ్ల మీదే ఉంటుంది. కోలుకోవడానికి ఒక ఏడాది పోయినా మిగతా కాలం చేతిలో ఉంటుంది.

మనకు దగ్గరి సంగతే కావాలంటే కబడ్డీ రైడర్ పవన్ సెహ్రావత్‌ను చూడండి. 2022 ప్రో కబడ్డీ వేలంలో తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు కొంటే, సీజన్ మొదట్లోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ ఏడాదంతా పోయింది. మరుసటి వేలంలో మన తెలుగు టైటాన్స్ 2.605 కోట్లు పెట్టి తీసుకుంది. మోకాలు కుదుటపడిందో లేదో చూసే ధర కట్టి ఉంటారు. నాకు ఆ పద్ధతి నచ్చింది.

ప్రశ్న: పాస్ రషర్‌ను శాక్‌ల సంఖ్యతో కొలవడం సరైనదేనా?
– ఒక విద్యార్థిని, ఆంధ్ర విశ్వవిద్యాలయం

జవాబు: ఒక్క దానితోనే అయితే సరిపోదమ్మా. క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసిరేలోపు పడగొడితేనే శాక్. తోటి ఆటగాడు అటువైపు తరిమినా, క్వార్టర్‌బ్యాక్ తడబడినా శాక్ దక్కుతుంది. ఎన్నిసార్లు అతని దగ్గరికి చేరి తొందరపెట్టాడో చూడు. ఏడాది మారినా ఆ లెక్క అంతగా ఊగిసలాడదు. గాయాల వల్ల తక్కువ మ్యాచ్‌లు ఆడినవాడికైతే మ్యాచ్‌ల సంఖ్యతో కాకుండా, ఎన్ని పాస్‌ల మీద దాడికి వెళ్లాడో ఆ సంఖ్యతో భాగించి చూడాలి.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో ఏడాది, కబడ్డీలో రైడర్. ఈ ఏడాది కుడి చీలమండ మూడుసార్లు మెలికపడింది. వచ్చే నెల సెలక్షన్లు ఉన్నాయి. గాయం సంగతి చెబితే తీసుకోరని, దాచిపెట్టమని తోటివాళ్లు అంటున్నారు. బలం కోసం రోజూ బీచ్‌లో పరుగెత్తుతున్నాడు.
– ఒక తండ్రి, భీమునిపట్నం

జవాబు: దాచవద్దండీ. మీ ఉత్తరం చదివి నాకు చాలా బాధ కలిగింది. పిల్లలకు ఈ సలహా ఇచ్చేవాళ్లు ఆ తర్వాత వాళ్ల కాళ్లకు కట్టు కట్టడానికి రారు.

ముందు బీచ్ పరుగు ఆపించండి. ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది. పరుగెత్తినంతసేపూ ఒక పాదం ఎత్తులో, ఒకటి పల్లంలో పడుతుంది. మెలికపడ్డ చీలమండకు అది పనికిరాదు. మొదటిసారి మెలికపడ్డప్పుడు వాపు తగ్గగానే ఆడించి ఉంటారు. వాపుతో పాటు పాదం ఎటు ఒరుగుతోందో గ్రహించే శక్తి కూడా దెబ్బతింటుంది. అది వ్యాయామంతోనే తిరిగి వస్తుంది. గోడ పక్కన కుడికాలి మీద నిలబడి కళ్లు మూసుకోమనండి, తర్వాత ఎడమకాలి మీద. తేడా మీకే కనబడుతుంది. ఆ నిలబడడమే రోజూ సాధన చేయించండి. ఒంటికాలి మునివేళ్ల మీద లేవడం, రబ్బరు బ్యాండుతో పాదాన్ని బయటికి తోయడం కూడా చేయించండి. సాధనలో తాళ్లతో బిగించే చీలమండ పట్టీ తప్పనిసరి, అది మళ్లీ మెలికపడే ప్రమాదాన్ని తగ్గిస్తుంది.

సెలక్షన్లకు వారం ముందు ఒక ఫిజియోకు చూపించండి. ఒంటికాలి గెంతులో రెండు కాళ్లూ దాదాపు సమానంగా వస్తే పంపండి. గాయాల తేదీలు, చేసిన వ్యాయామాలు ఒక కాగితం మీద రాసి, మీరే వెళ్లి కోచ్ చేతికి ఇవ్వండి. గెంతులో కాళ్లు సమానంగా రాకపోతే ఈసారికి ఆపేయండి. అతనికింకా మూడో ఏడాది ఉంది.