పర్లాకిమిడి అరుగు మీద ఓఆర్‌ఎస్ పొట్లం పాఠం

ప్రశ్న: "సర్కారు బడిలో ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లిష్ చెబుతున్నాను. టికెట్లు, పేపర్లు, మందుల అట్టలు లాంటి నిజమైన కాగితాలు తెచ్చి పాఠం చెప్పమని ట్రైనింగ్‌లో అన్నారు. మా పిల్లలు పుస్తకంలో వాక్యాన్నే కూడబలుక్కుని చదువుతారు. వాళ్ళకి ఇవి అందుతాయా?"

అందుతాయండి. నేనూ మీ అనుమానంతోనే మొదలుపెట్టాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. పన్నెండేళ్ళుగా సాయంత్రం పూట మా ఇంటి అరుగు మీద పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. వచ్చేవాళ్ళంతా ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలే, బడి మాత్రం ఒడియా మీడియం. ఒడియా గడగడా చదువుతారు. తెలుగు గలగలా మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు. హిందీ టీవీలో వింటారు. ఇంగ్లిష్ ఒక్కటే ఎవరి నోటా వినపడదు. కానీ మందుల షాపులో, రైలు స్టేషన్లో, ఎరువుల బస్తా మీద, సెల్‌ఫోన్లో ఎక్కడ చూసినా అదే కనిపిస్తుంది. చెవికి అందని భాష కంటికి రోజంతా తగులుతూనే ఉంటుంది. మనలాంటి ఊళ్ళకు ఈ పద్ధతి ఎందుకు పనికొస్తుందో నాకు అక్కడే అర్థమైంది.

మొదట్లో నేను చేసిన తప్పు చెప్తాను. నిజమైన కాగితం అనగానే అందరికీ గుర్తొచ్చేది న్యూస్ పేపరే. నేనూ ఇంగ్లిష్ పేపరు నాలుగు కాపీలు కొనుక్కొచ్చి పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి మొదటి పేజీ చదవమన్నాను. అరగంట సేపు అరుగు మీద ఎవరూ నోరు విప్పలేదు. ఒక పిల్ల పేపరును నలగకుండా మళ్ళీ మడిచి నా చేతికి ఇచ్చేసింది. ఆ రోజు పెద్ద వార్త ఢిల్లీలో ఏదో బిల్లు గురించి. దాంతో ఆ పిల్లకు పనేముంది? పైగా పేపరు హెడ్డింగుల్లో ఉండే ఇంగ్లిష్ మామూలు ఇంగ్లిష్ కాదు. నిన్న జరిగినదాన్ని వర్తమానంలో రాస్తారు, రేపు జరగబోయేదానికి క్రియ ముందు "టు" పెట్టి ఊరుకుంటారు, "ఎ", "ది"లు ఎగరగొట్టేస్తారు. వాక్యం కట్టడం అప్పుడప్పుడే పట్టుబడుతున్న పిల్లలకు అది అడ్డమే అవుతుంది. ఆరు, ఏడు తరగతులకు పేపరుతో మొదలుపెట్టొద్దని నా గట్టి సలహా.

దారి చూపించింది నేను తెచ్చిన కాగితం కాదు, ఒక పిల్ల తెచ్చినది. వానాకాలం. ఏడో తరగతి పిల్ల, ఇంట్లో చిన్న తమ్ముడికి విరేచనాలు. ఆశా దీదీ ఇచ్చిన ఓఆర్‌ఎస్ పొట్లాల్లో చించేసిన ఖాళీది ఒకటి పుస్తకాల సంచిలో పెట్టుకుని వచ్చింది. "మాస్టారూ, ఇది ఎన్ని నీళ్ళల్లో కలపాలి? అమ్మ గ్లాసుడు నీళ్ళల్లో కలిపీసింది" అంది. నేను చెప్పేద్దామనుకుని ఆగి, పొట్లం తన చేతికే ఇచ్చి చూడమన్నాను. "డిజాల్వ్" అన్న మాట దానికి రాలేదు. "కంటెంట్స్" రాలేదు. కానీ వేలు పెట్టి వెతుకుతూ "వన్ లీటర్" దగ్గర ఆగింది, పక్కనే "వాటర్" చూసింది. "ఒక లీటరా! గ్లాసు కాదా!" అంటూ లేచి, పుస్తకాలు అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తింది.

నిజంగానే అది పరిగెత్తాల్సిన విషయం. పెద్ద పొట్లం 20.5 గ్రాములు ఉంటుంది, లీటరు నీళ్ళకు సరిపడా. దాన్ని గ్లాసులో కలిపితే ఉప్పు చిక్కబడిపోయి బిడ్డకు మేలుకు బదులు కీడు జరుగుతుంది. బజారులో 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న పొట్లాలూ దొరుకుతాయి, పొరపాటు అక్కడే వస్తుంది. మర్నాడు రెండు రకాలూ తెచ్చి పక్కపక్కన పెట్టి రెండే ప్రశ్నలు అడిగాను: "ఏది ఎన్ని నీళ్ళకు? కలిపిన నీళ్ళు రేపు సాయంత్రం దాకా ఉంచొచ్చా?" రెండో ప్రశ్నకు జవాబు "విథిన్ 24 అవర్స్"లో ఉంది. "విథిన్" అనే మాటను పుస్తకంలో రెండేళ్ళుగా చూస్తున్నారు, ఎవరికీ నిలవలేదు. ఆ సాయంత్రం తర్వాత ఎవరూ మర్చిపోలేదు.

ఆ వెంటనే నేనే దాన్ని పాడు చేశాను, అదీ చెప్పాలి. ఉత్సాహం కొద్దీ పొట్లం మీదున్న కష్టమైన మాటలన్నీ బోర్డు మీద రాసి అర్థాలు రాసుకోమన్నాను, ట్రైసోడియం సిట్రేట్‌తో సహా. పిల్లల మొహాలు మళ్ళీ పేపరు రోజులాగే అయిపోయాయి. పొట్లం అదే, చేసే పని మారింది. దాన్ని కూడా పాఠ్యపుస్తకం చేసేశాను.

భాషాబోధన మీద రాసిన హెన్రీ విడోసన్ 1970ల చివర్లో ఈ తేడానే చెప్పారు. కాగితం బయటి లోకం నుంచి వచ్చిందా లేదా అన్నది ఒక సంగతి. చదివేవాడికీ దానికీ మధ్య నిజమైన సంబంధం ఏర్పడిందా అన్నది వేరే సంగతి. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది రాదు. మన దక్షిణాదిలోనే ఇంగ్లిష్ బోధనలో పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు లాంటి చోట్ల మామూలు బడుల్లో నడిపిన ప్రాజెక్టు కూడా ఈ దారిదే. వ్యాకరణం నేరుగా చెప్పకుండా రైలు టైమ్‌టేబుళ్ళు, మ్యాపులు ముందు పెట్టి లెక్క తేల్చమనేవారు. పిల్లలు జవాబు వెతికే పనిలో పడి ఇంగ్లిష్‌ను పట్టుకుంటారని ఆయన ఆలోచన. అన్ని తరగతులకూ అదొక్కటే చాలుతుందని నేను అనుకోను గానీ, "చదవండి" అనడం కంటే "తేల్చండి" అనడం బలమైనదని నా అనుభవం కూడా చెబుతోంది.

దాన్ని చూసే బస్సుల పాఠం మొదలుపెట్టాను. ఒక ప్రైవేటు బస్సు టైమ్ బోర్డును ఫోన్లో ఫొటో తీసి, పెద్దగా ప్రింటు వేయించి గోడకు అంటించాను. "మీ తాతగారిని ఆదివారం విశాఖ తీసుకెళ్ళాలి, మధ్యాహ్నం లోపల చేరాలి. ఏ బస్సు?" అన్నాను. అందరూ పొద్దున్న బస్సుకే ఓటేశారు. ఓ కుర్రాడు మాత్రం బోర్డు చివర చిన్న అక్షరాలు చూసి "ఆదివారం లేదు మాస్టారూ, ఎక్సెప్ట్ అని ఉంది" అన్నాడు. ఒక్క మాటతో జవాబు మొత్తం తిరగబడింది. పావుగంట వాదించుకున్నారు, తెలుగులోనే. తెలుగులో వాదించుకోనివ్వండి, ఆపొద్దు. చదివింది ఇంగ్లిష్ కదా.

మా పిల్లలకు బాగా నచ్చినది మా ఊరి పేరు పాఠం. మనం పర్లాకిమిడి అంటాం, ఒడియావాళ్ళు పారలాఖెముండి అంటారు. ఇంగ్లిష్ కాగితాల్లో ఈ రెండూ, వాటి మధ్యవీ రకరకాల స్పెల్లింగులతో కనిపిస్తాయి. పాత రికార్డుల్లో ఒకటి, స్టేషన్ బోర్డు మీద ఒకటి, షాపు రసీదుల మీద ఇంకొకటి. ఎన్ని రకాలు దొరుకుతాయో ఏరుకురండి అంటే వారంలో నోటుపుస్తకం పేజీ నిండింది. ఏది తప్పని ఎవరూ అడగలేదు. ఎవరి నోటి నుంచి విని రాసినది ఏదో అడిగారు. ఇంగ్లిష్ అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకె అలా దొరికినట్టు పుస్తకంలో నాకెప్పుడూ దొరకలేదు.

ఈ ఊళ్ళో కూర్చుని ఈ మాటలు రాస్తుంటే గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తురాకుండా ఉండరు. ఆయన ఇక్కడ బడిపంతులుగా ఉంటూనే కొండల్లో సవరలు మాట్లాడే భాష నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లల చదువు కోసం పుస్తకాలు రాశారు. జనం నోట ఉన్న తెలుగు బడిలోకి రావాలని పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. బతుకులో ఉన్న భాషను తరగతి గదిలోకి తేవడం మనకు ఎవరో బయటివాళ్ళు ఇప్పుడు చెప్పిన సంగతి కాదని మా పిల్లలకు చెబుతుంటాను.

ఇక చేయలేనివి. పొట్లాలు, బోర్డుల మీద ఉండేవి ఎక్కువగా ఆజ్ఞలు, ముక్కలు: "షేక్ వెల్ బిఫోర్ యూజ్", "కీప్ అవుట్ ఆఫ్ రీచ్ ఆఫ్ చిల్డ్రన్", "నో పార్కింగ్". ఆజ్ఞావాక్యాలు నేర్పడానికి ఇంతకంటే మంచి సామాను లేదు. కానీ నిన్న ఏం జరిగిందో చెప్పడం, కథ నడపడం వీటితో రాదు. దానికి నేను పాఠ్యపుస్తకం దగ్గరికే వెళ్తాను. పరీక్షా దాని మీదే కదా. వారంలో ఒక్క రోజు ఇవి, మిగతా రోజులు పుస్తకం. అంతకు మించి మోయలేరు, మనమూ తేలేం.

మందుల విషయంలో ఒక జాగ్రత్త. మాత్రలు పిల్లల చేతికి ఇవ్వొద్దు, ఖాళీ అట్టలే తీసుకోండి. తేదీ చూడటం, "ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ" గుర్తుపట్టడం, ఎర్ర గీత ఉన్న అట్ట డాక్టరు చీటీ లేకుండా కొనకూడదని తెలుసుకోవడం, ఈ మూడూ చాలు. ఏ జబ్బుకు ఏ మందు అన్న మాట మాత్రం ఎత్తొద్దు. రైలు టికెట్లు, బ్యాంకు స్లిప్పులు తెస్తే పేరు, పీఎన్‌ఆర్, ఖాతా నంబరు మీద కాగితం అంటించి జిరాక్స్ తీయించండి. షాపు బోర్డుల్లో స్పెల్లింగ్ తప్పులు పిల్లలు ఇట్టే పట్టేస్తారు, పట్టనివ్వండి. ఆ షాపు ఎవరిదో మాత్రం తరగతిలో అననివ్వకండి, ఆ షాపాయన కూతురు అక్కడే కూర్చుని ఉండొచ్చు.

రేపే మొదలుపెట్టాలనుకుంటే పిల్లల్నే అడగండి: ఇంట్లో ఇంగ్లిష్ ఉండి, ఎవరికీ అర్థం కాక పక్కన పెట్టిన కాగితం ఏదైనా ఉంటే తెమ్మనండి. మా దగ్గరికి గ్యాస్ రెగ్యులేటర్ అట్టపెట్టె, విత్తనాల సంచి, సిమ్ కార్డు కవరు వచ్చాయి. విత్తనాల సంచి తెచ్చిన కుర్రాడు మర్నాడు వాళ్ళ నాన్నను కూడా వెంటబెట్టుకొచ్చాడు. దాని మీద "ట్రీటెడ్ విత్ పాయిజన్" అని ఉందని కొడుకు చదివి చెప్పాడట. ఆ మాట నిజమేనా, మిగిలిన గింజలు కోళ్ళకు వేయొచ్చా అని అడగడానికి వచ్చాడాయన.