ఆవు కంట్లో కండ పెరిగితే కన్ను తీయించాల్సిందేనా?

మీ తెల్లమొహం హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవుకు కంటి మూలలో ఎర్రటి కండ పెరుగుతోందనీ, ఉప్పునీళ్లు కొడితే కరుగుతుందని పెద్దలు చెబుతున్నారనీ, కన్ను తీయిస్తే పాలు తగ్గుతాయేమోనని భయంగా ఉందనీ మీరు రాశారు. ఉప్పుకు కండ కరగదు, కన్ను పోయినంత మాత్రాన పాలూ తగ్గవు.

పాకాల దగ్గర మా చిన్నాన్న వాళ్ల ఆవుకు మొదట మూడో రెప్ప (కంటి లోపలి మూలన ఉండే పొర) మీద గోధుమగింజంత కండ కనిపించింది. దిష్టి అన్నారు, ఎర్రనీళ్లతో దిగదుడిచారు. ఆ దశలోనే చూపించి ఉంటే, మత్తు చుక్కలు వేసి ఆ రెప్పను మాత్రం కత్తిరించి కన్ను నిలిపేవారు. ఈలోగా ఒక మందుల దుకాణంవాడు మనుషులకు వాడే స్టిరాయిడ్ చుక్కలమందు అంటగట్టాడు. కంటిగుడ్డు మీద పుండు ఉన్నప్పుడు స్టిరాయిడ్ వేస్తే పుండు మానకపోగా లోతుకు దిగుతుందన్న సంగతి తెలియనివారు కంటిమందు అమ్మడం ఏమి న్యాయమో నాకు అర్థం కాదు.

చివరికి కండ కాలీఫ్లవర్ పువ్వులా విచ్చుకుని, చీము వాసనతో, ఈగలు ముసిరిన స్థితిలో ఆవును తిరుపతి పశువైద్య కళాశాలకు తోలుకెళ్లాం. ఊచల చట్రంలో నిలబెట్టి, తలను పక్కకు లాగి కట్టి, కంటి వెనుక లోతుగా మత్తుసూది వేశారు. రెప్పలు రెండింటినీ ముందే కలిపి కుట్టేసి, ఆ కుట్టు చుట్టూ కోసి, రెప్పలతో సహా గుడ్డును తీసేయడం చూసి మా చిన్నమ్మ బయటికి వెళ్లిపోయింది గాని, ఆవు మాత్రం నిలబడే ఉంది, ఆ సాయంత్రం గడ్డి కూడా మేసింది. తీసిన ముక్కను చెడిపోకుండా ఫార్మలిన్ ద్రావణంలో వేసి పరీక్షకు పంపగా, రెప్ప పొర కణాల్లో పుట్టే క్యాన్సర్ అని తేలింది.

రెప్పల అంచున నల్లరంగు లేని పశువులకు ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలి ఈ వ్యాధి వస్తుంది. అమెరికాలో తెల్లమొహం హియర్‌ఫర్డ్ జాతిని ఇది ఎక్కువగా పీడించడానికి కారణమూ అదే. మన సంతల్లో మాత్రం పొదుగునూ పళ్లనూ పట్టి పట్టి చూస్తారే గాని, కనురెప్పను తిప్పి చూసేవాడు ఒక్కడూ కనబడడు. నన్నడిగితే మన ఎండకు నల్లరెప్పల పశువే మేలు.

అయితే ప్రతి కంటిజబ్బూ గడ్డ కాదు. నీరు కారుతూ గుడ్డు మీద తెల్లగా పువ్వు పడితే అది చాలావరకు ఈగలు మోసే మొరాక్సెల్లా అనే సూక్ష్మజీవి పని. సన్నటి తెల్లపురుగులు కదులుతుంటే అది కంటిపురుగు. ఈ రెండూ మందులతో నయమవుతాయి. కండ పెరిగితే చాలావరకు కత్తి తప్పదు.

కన్ను తీయించాక గుడ్డివైపు నుంచి చడీచప్పుడూ లేకుండా పోకండి, పిలుస్తూ వెళ్లండి. యాంటీబయాటిక్ ఇచ్చినన్నాళ్లూ, ఆపాక డాక్టరు చెప్పిన గడువు దాకా పాలు కేంద్రానికి పోయవద్దు. ఆవును ఆసుపత్రికి తోలుకెళ్లే ముందు దాని చెవి మొదట్లో కింది భాగాన చెయ్యి పెట్టి చూడండి. అక్కడ బిళ్లలాంటి గడ్డ గట్టిగా తగిలితే వ్యాధి కన్ను దాటి ఉండవచ్చు గనుక, ఆ మాట కోతకు ముందే డాక్టరుకు చెప్పండి.