సెంటర్లో పెట్టిన విగ్రహాలు ఐక్యత, సమానత్వాన్ని ఎలా చెబుతాయి?

సగం శిల్పం చెబుతుంది, సగం అది నిలబడ్డ చోటు చెబుతుంది. కోనసీమలో అంబేద్కర్ విగ్రహాలు చూడండి: నీలం కోటు, ఒక చేతిలో రాజ్యాంగం, ముందుకు చాచిన చూపుడు వేలు. చదువు రానివాళ్లకూ అర్థమయ్యే భాష అది. అదే విగ్రహం దళితపేట చివర కాకుండా బస్సులు ఆగే సెంటర్లో ఉంటే, ఈ రోడ్డు అందరిదీ అన్నమాట. కొన్నిచోట్ల చుట్టూ ఇనుప కంచె కూడా ఉంటుంది, ఎవరైనా పాడుచేస్తారేమోనని. అదీ చూడాల్సిందే.

ఐక్యత అంటే నాకు కాటన్ దొర గుర్తొస్తాడు. గోదావరి మీద ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కాలవ నీళ్లు తాగిన ఊళ్లు, పరాయి పాలకుల మనిషే అయినా, ఇప్పటికీ ఆయన విగ్రహాలకు దండలేస్తాయి. భీమవరంలో 2022లో ఆవిష్కరించిన అల్లూరి కంచు విగ్రహం 30 అడుగులు. గొప్పగానే ఉంటుంది గానీ, దండ వెయ్యాలంటే నిచ్చెన కావాలి!