తులూజ్‌లో సీటొస్తే రామోన్‌విల్‌లో ఇల్లు తీసుకోవచ్చా?

ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో పాల్ సబాటియే యూనివర్సిటీలో (2025 నుంచి దీని పేరు తులూజ్ యూనివర్సిటీ) సీటొచ్చింది, పక్కనున్న రామోన్‌విల్‌లో ఉంటే దూరమవుతుందా, ఇండియా నుంచే ఇల్లు కుదుర్చుకోవచ్చా అని అడిగారు.

దూరం కాదు. మెట్రో బి లైన్ రామోన్‌విల్‌లో ఆగిపోతుంది, దాని ముందు స్టేషనే మీ యూనివర్సిటీ. చిక్కల్లా, ఆ స్టేషన్ ఊరికి తులూజ్ వైపు అంచున ఉంది. గుట్ట మీది ఇళ్లకైతే బస్సో, ఎగువకి నడకో తప్పదు. అందుకే "మెట్రోకి దగ్గర" అన్న మాట నమ్మకుండా అడ్రస్ తీసుకుని మ్యాప్‌లో నడక దూరం చూడండి. కాలువ పక్కనున్న పోర్ సుద్ పేట వైపు దొరికితే మాత్రం సైకిల్ కొనేయండి, ఆ కాలువ (కెనాల్ దు మిదీ) గట్టు చదునుగా ఉంటుంది.

వెతికేటప్పుడు పిన్ కోడ్ 31520 కొట్టండి. ఊరి పూర్తి పేరు రామోన్‌విల్-సెంతాన్య్. ఉత్త సెంతాన్య్ అని ఉంటే అది తులూజ్‌లోని పేట, అదే లైన్‌లో ఐదు స్టేషన్ల అవతల.

అసలు తలనొప్పి గ్యారంటర్, అంటే మీ అద్దెకి హామీ ఉండే మనిషి. ఇండియాలో ఉన్న నాన్నగారి జీతం స్లిప్పులు చాలామంది ఓనర్లు లెక్కలోకే తీసుకోరు. 30 ఏళ్ల వరకు వయసున్న వాళ్లకి విసాల్ (Visale) అనే అద్దె హామీ పథకం ఉంది: ఉచితం, ఆన్‌లైన్‌లో అప్లై చేయాలి, అద్దె కట్టకపోతే ఓనరుకి వాళ్లు కడతారు. అద్దె మీద పరిమితి ఉంటుంది కాబట్టి ఇల్లు చూడకముందే సర్టిఫికెట్ తెచ్చుకోండి. అగ్రిమెంట్ మీద సంతకమయ్యాక అడిగితే పని జరగదు.

ఇల్లు చూడకుండా, సంతకాల్లేకుండా ముందే డబ్బు పంపమంటే మోసమనే అనుకోండి. సామానున్న ఇంటికి డిపాజిట్ చార్జీలు కలపని అద్దెకి రెండు నెలల వరకే, సామాను లేకపోతే ఒక నెల.

ఆ డిపాజిట్ పోయేది ఎక్కువగా "ఎతా దే ల్యూ" దగ్గరే. తాళాలిచ్చే రోజు ఇంటి పరిస్థితి రాసే కాగితం అది. కిటికీ రబ్బరు దగ్గర బూజు, సింక్ కింద తడి, హాట్‌ప్లేట్ మీద గీత, అన్నీ రాయించి ఫొటోలు తీయండి. ఏదైనా వదిలేసి ఉంటే 10 రోజుల్లోపు చేర్చమని అడగొచ్చు. హీటర్ల సంగతికి చలికాలంలో హీటింగ్ మొదలైన తొలి నెలంతా గడువు. సెప్టెంబరులో దిగిన వాళ్లు వీటిని ఆన్ చేసి చూడరు, తీరా నవంబరులో తెలుస్తుంది.

ఖాళీ చేసేటప్పుడు సామానున్న ఇంటికి నెల నోటీసు చాలు, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ నెల లెక్క పోస్ట్ చేసిన రోజు నుంచి కాదు, ఓనరుకి అందిన రోజు నుంచి.