సుప్రీంకోర్టు కన్నా ముందు పోస్టాఫీసుకు వెళ్లండి

"పోలీసులు అన్యాయంగా నిర్బంధిస్తే సామాన్యుడు నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చా?" అని అడిగారు. వెళ్లవచ్చు, రాజ్యాంగంలో 32వ అధికరణం ఉన్నదే అందుకు. కానీ వెళ్లకండి. "ముందు హైకోర్టుకు ఎందుకు వెళ్లలేదు?" అన్నదే అక్కడ మీకు ఎదురయ్యే మొదటి ప్రశ్న. 226వ అధికరణం కింద హైకోర్టుకు ఇంకా విస్తృతమైన అధికారం ఉంది. ఢిల్లీ ఖర్చులూ తప్పుతాయి.

మా పిన్ని కొడుకును ఒక రాత్రి ఇంటి నుంచి తీసుకెళ్లారు. స్టేషనుకు వెళ్లి అడిగితే "మా దగ్గర లేడు" అన్నారు. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న నియమం వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. అందుకే అరెస్టు చూపించరు. పిన్ని పెద్దగా చదువుకోలేదు. అయినా ఎవరూ చెప్పకుండానే ఎస్పీకి చేత్తో ఫిర్యాదు రాసి, స్పీడ్‌పోస్టులో పంపి, రసీదు నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది.

హైకోర్టులో వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే రిట్) లంచ్ మోషన్‌గా, అంటే అత్యవసరమని అదే రోజు భోజన విరామం తర్వాత వినేలా, ఇద్దరు న్యాయమూర్తుల ముందుకు వచ్చింది. ప్రభుత్వ న్యాయవాది లేచి, "ఈ ఉదయమే బస్టాండు దగ్గర అరెస్టు చేశారు" అన్నారు. మా లాయరు గారు వాదనేమీ ఎత్తుకోలేదు, ఆ రసీదు జిరాక్సు అందించారంతే. "ఉదయం పట్టుకున్న మనిషి గురించి వీళ్లు అంతకుముందే ఎలా ఫిర్యాదు చేశారు?" అని ఒక న్యాయమూర్తి అడిగారు. "కనుక్కుని చెబుతాను" అన్నదే జవాబు. సాయంత్రానికల్లా వాడు మేజిస్ట్రేటు ముందున్నాడు.

ఆ తర్వాత పిటిషన్ మూసేశారు. మనిషి దొరికాడు, రిమాండు ఉత్తర్వు ఉంది, ఇక విచారించేందుకు ఏమీ లేదన్నారు. మరి ఏ కాగితంలోనూ లేని ఆ రాత్రుల సంగతో? దానికి మళ్లీ ఇంకో రిట్ వేసుకోవాలి! ఓపిక ఎవరికుంటుంది?

ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాస్తే చాలని వాట్సాప్‌లో తిప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. నీలబతి బెహరా కేసు నిజమే. కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న తల్లి రాసిన లేఖనే సుప్రీంకోర్టు రిట్‌గా స్వీకరించి, 1,50,000 రూపాయల పరిహారం ఇప్పించింది. కానీ లేఖ 1988 నాటిది, తీర్పు 1993లో వచ్చింది. ఆ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇంకొకటి. స్టేషన్లలో సీసీ కెమెరాల రికార్డింగు 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాదైనా ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని భద్రపరచాలని మొదటి పిటిషన్‌లోనే కోరండి. కెమెరా ఆ రోజే పాడైందంటారు, తెలిసిందే. ఆ మాటేదో ప్రమాణం చేసి అఫిడవిట్‌లో చెప్పనివ్వండి.