హెలెన్‌కి ఏం వినిపించింది?

చి. సౌమ్యకు,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నా ఏడో పేజీ దాకా ఒక్క గీత పెట్టాల్సిన అవసరం రాలేదు. రమేష్ ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్ళో కొత్తగా కొన్న సెమీ డిటాచ్డ్ (ఒక గోడ పక్కింటితో కలిసిన) ఇంటి పెరట్లో తోటకూర విత్తనాలు చల్లుతుంటాడు. పక్కింటి హెలెన్ కంచె అవతల నుంచి పలకరిస్తుంది. మాటల్లో అతను "మేం మధ్యతరగతి వాళ్ళమండీ, చాలా కష్టపడి కొనుక్కున్నాం" అంటాడు. హెలెన్ నవ్వి ఊరుకుంటుంది. తర్వాతి పేరాలో నువ్వు వాన గురించి రాశావు.

నా పెన్సిల్ అక్కడ ఆగింది. ఈ ఉత్తరమంతా "మధ్యతరగతి" అన్న ఆ ఒక్క మాట గురించే.

రమేష్ ఆ మాట తెలుగులో అనుకుని ఇంగ్లీషులో అన్నాడు. తెలుగులో దాని బరువు నీకూ నాకూ తెలుసు. ఒకటో తారీఖు జీతం, ఇరవయ్యో తారీఖుకి చేబదులు, నెల నెలా చీటీ, పండక్కి మాత్రమే కొత్త బట్టలు, పదిమందిలో తల దించుకునే పరిస్థితి రాకూడదన్న భయం. మనవాళ్ళు "మధ్యతరగతి వాళ్ళం" అన్నారంటే "మా దగ్గర పెద్దగా ఏమీ లేదు, ఉన్నదల్లా పరువే" అని చెప్పుకుంటున్నట్టు. ఆ మాటలో వినయం ఉంది, కొంచెం దిగులు కూడా ఉంది.

హెలెన్‌కి ఆ దిగులు వినపడదు. ఇంగ్లండులో పైన భూములూ బిరుదులూ ఉన్న ప్రభువులు ఉండేవారు. కింద చేతులతో కష్టం చేసుకునే జనం ఉండేవారు. ఆ ఇద్దరికీ నడుమ ఉన్న లాయర్లనీ డాక్టర్లనీ మిల్లు యజమానులనీ మిడిల్ క్లాస్ అన్నారు. మన ఊళ్ళలో "వాళ్ళకేం, ఉన్నవాళ్ళు" అనిపించుకునే కుటుంబాలు అక్కడి లెక్కలో మధ్యతరగతి. అందుకని ఆ మాట ఎవరైనా తమ గురించి తాము అంటే కాస్త గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుంది. చాలామంది అనరు. 2016లో వెలువడిన బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వేలో నూటికి 60 మంది తాము వర్కింగ్ క్లాస్ (శ్రామిక వర్గం) అన్నారు. మేనేజర్లు, ప్రొఫెషనల్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళని విడిగా చూసినా 47 శాతం మంది అదే జవాబు చెప్పారు. తాత బొగ్గు గనిలో దిగేవాడనో, నాయనమ్మ నూలు మిల్లులో పనిచేసేదనో చెబుతారు. వాళ్ళు నటిస్తున్నారని అనుకోకు. ఎక్కడి నుంచి వచ్చామన్న జ్ఞాపకాన్ని వాళ్ళు అంత గట్టిగా పట్టుకుంటారు.

అంటే రమేష్ తన లేమి చెప్పుకున్నాననుకున్నాడు. హెలెన్‌కి వినిపించింది "మేం కూడా మీ పాటి వాళ్ళమే" అని. నీ కథంతా ఈ కాస్త సందులో ఉంది. నువ్వు దాన్ని దాటుకుని వానలోకి వెళ్ళిపోయావు.

నేనెందుకింత పట్టుపడుతున్నానో చెప్పాలంటే ఉత్తర ఇంగ్లండులోని బార్న్‌స్లీ సంగతి చెప్పాలి. 1982లో మా వారికి ఆ చుట్టుపక్కల ఒక గనుల ఊళ్ళో డాక్టరుగా పని దొరికింది. ఇంగ్లీషు డాక్టర్లు వెళ్ళడానికి అంతగా ఇష్టపడని గనుల ఊళ్ళలో, మిల్లుల పట్టణాల్లో అప్పట్లో మన దేశపు డాక్టర్లు చాలామంది ఉండేవారు. మేం వెళ్ళిన రెండు నెలలకి పక్క వీధిలో ఒకావిడ ఆదివారం టీకి రమ్మంది. భర్త గనిలో పని. మేం మధ్యాహ్నం కడుపునిండా పప్పన్నం తిని, టీ బిస్కెట్లే కదా అనుకుని అయిదున్నరకి వెళ్ళాం. బల్ల మీద లోపల కూరి కాల్చిన పెద్ద "పై", ఉడికించిన బఠాణీలు, బంగాళాదుంపలు, వెన్న రాసిన బ్రెడ్డు, డబ్బా పీచ్ పళ్ళు, కస్టర్డ్! ఆ ఊళ్ళో టీ అంటే సాయంత్రపు భోజనం. డిన్నర్ అంటే మధ్యాహ్నం తినేది. అదే దేశంలో ఇంకో రకం ఇంట్లో డిన్నర్ రాత్రి ఎనిమిదింటికి. తిండి పేరుని బట్టి, అది తినే వేళని బట్టి మనిషి ఏ ఇంట పుట్టాడో చెప్పేస్తారు.

నన్ను కదిలించింది తిండి కాదు. ఆవిడ మమ్మల్ని ముందు గదిలో కూర్చోబెట్టింది. ఆ గది ఏడాదికి నాలుగుసార్లు కూడా తెరవరని వాసన చెబుతోంది. నాతో చెయ్యి కలిపే ముందు ఏప్రాన్‌కి చేతులు రెండుసార్లు తుడుచుకుంది. డాక్టరు గారి భార్యని కాబట్టి నేను ఆవిడకన్నా పైమెట్టు. నా ఒంటి మీద కోటు చర్చిలో పాత బట్టల అమ్మకంలో కొన్నది. అంతకు ముందు నెల జీతంలో సగం మా ఆడపడుచు పెళ్ళికి పంపేశాం. ఆవిడ భర్త గనిలో తెచ్చుకునేది అంత తక్కువేమీ కాదు. ఆ గదిలో ఎవరికి ఎవరు పైనో డబ్బు లెక్కలో చెప్పలేం, అయినా అక్కడున్న నలుగురికీ తెలుసు. మర్నాడు అదే ఊళ్ళో ఒక దుకాణంలో చిల్లర నా చేతిలో పెట్టకుండా కౌంటరు మీద పెట్టారు. ఒక్క రోజు తేడాలో నేను పైమెట్టు మీదా ఉన్నాను, కిందిమెట్టు మీదా ఉన్నాను.

1984 మార్చిలో గని కార్మికుల సమ్మె మొదలై ఏడాది నడిచింది. ఆ చలికాలం ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగడం లేదని తెలిసి కొన్ని సరుకులు పట్టుకెళ్ళాను. గుమ్మంలోనే ఆపి, థాంక్స్ చెప్పి, సంచీ తిరిగి నా చేతికిచ్చింది. అదే ఆవిడ రోజూ మధ్యాహ్నం ఆడవాళ్ళు కలిసి నడిపే సమ్మె వంటశాలకి వెళ్ళి పిల్లలతో కూర్చుని తినేది, వడ్డించేది. అక్కడ అందరూ సమానం. డాక్టరు గారింటి నుంచి వచ్చిన సంచీ సమానం కాదు. అది నాకు అర్థమయ్యేసరికి ఏళ్ళు పట్టింది. ఆ సంచీ బరువు ఇప్పటికీ నా చేతికి తెలుస్తుంది, సౌమ్యా. నీ కథలో నేను వెతికేది అలాంటి బరువు.

ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ తన కుటుంబాన్ని "ఎగువ మధ్యతరగతిలో దిగువ" కుటుంబమని 1930లలో రాశాడు. ఆయన పుట్టింది మన దేశంలోనే, బీహార్‌లోని మోతీహారీలో. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. నౌకర్లతో ఎలా మెలగాలో తెలుసు గానీ నౌకర్లని పెట్టుకునే డబ్బు లేని కుటుంబాల గురించి ఆయన అంత సూక్ష్మంగా చూశాడు. ఆ చూపు నీకూ ఉంది. నీ మొదటి కథలో అత్తగారి గాజుల చప్పుడు రాసిన పిల్లవి నువ్వు.

భాష దగ్గర ఇంకా జాగ్రత్త పడు. మా ఒంగోలు స్కూల్లో ఇంగ్లీషు టీచరు "పార్డన్" అనడం నేర్పించింది. వినపడకపోతే అలా అడగడమే మర్యాద అని బెత్తం పట్టుకుని మరీ నేర్పింది. ఇంగ్లండులో పై తరగతుల వాళ్ళు ఆ మాట వాడరు. "వాట్" అని ఊరుకుంటారు. బర్మింగ్‌హామ్ ప్రొఫెసరు ఆలన్ రాస్ 1954లోనే ఇలాంటి మాటల జాబితా వేశాడు. ఏ మాట పైవాళ్ళది, ఏ మాట పైకి రావాలని తాపత్రయపడేవాళ్ళది అని. ఆ పట్టింపు ఇప్పుడు చాలా తగ్గింది, పోలేదు. నీ రమేష్ మూడో పేజీలో మేనేజరుతో "పార్డన్" అంటాడు. దాన్ని కొట్టెయ్యకు. బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న మర్యాద అక్కడ ఎలా వినపడుతుందో అతనికి తెలియదు. అలాగే ఉంచు, వివరించకు.

సూపర్ మార్కెట్ల గురించి రాసిన రెండు పేజీలు మాత్రం తీసెయ్యి. ఖరీదైన వెయిట్‌రోజ్‌లో కొంటే ఒకటి, చవకైన ఆల్డీలో కొంటే ఇంకొకటి అని అందరూ రాస్తారు. ఇప్పుడు ఆల్డీ ముందు ఖరీదైన కార్లు కూడా ఆగుతున్నాయి.

దానికి బదులు డబ్బు ఎటు పారుతోందో చూడు. నీ కథకి ఇదే ఇరుసు అనుకుంటున్నాను. 1997లో ఇంగ్లండులో సగటు ఇల్లు ఏడాది జీతానికి మూడున్నర రెట్లు ఉండేది. ఇప్పుడు ఏడెనిమిది రెట్లు. లండన్ చుట్టుపక్కల ఇంకా ఎక్కువ. అందుకని అక్కడి యువత చాలామంది అమ్మానాన్నలు ముందు కట్టాల్సిన డిపాజిట్‌కి సాయం చేస్తే గానీ ఇల్లు కొనలేకపోతున్నారు. "బ్యాంక్ ఆఫ్ మమ్ అండ్ డాడ్" అని దానికో పేరు కూడా పెట్టుకున్నారు. హెలెన్ కూతురికి అలాగే ఇల్లు వచ్చి ఉంటుంది. రమేష్ ఇంట్లో డబ్బు ఎదురు దిక్కుకి పారుతోంది. నరసరావుపేటలో నాన్న మోకాలి ఆపరేషన్, తమ్ముడి ఫీజు, ఊళ్ళో ఇంటి స్లాబు. వీసా ఫీజులు, ప్రభుత్వ వైద్యం కోసం వలస వచ్చినవాళ్ళు విడిగా కట్టే హెల్త్ సర్‌ఛార్జి కట్టిన ఏళ్ళు సరే సరి. జీతం కాగితం మీద రమేష్, హెలెన్ అల్లుడు ఒకటే కావచ్చు. అల్లుడి వెనక అమ్మానాన్నల తరం నిలబడి ఉంది, రమేష్ మీద అమ్మానాన్నల తరం ఆనుకుని ఉంది. దీన్ని నువ్వు ఎనిమిదో పేజీలో ఇంటికి డబ్బు పంపిన వెస్ట్రన్ యూనియన్ రసీదుతో సగం చెప్పేశావు. అక్కడ ఇంకొంచెంసేపు ఆగు.

రమేష్ కూతురి సంగతి బాగా రాశావు. రీడింగ్‌లో ఆడపిల్లలకో ప్రభుత్వ గ్రామర్ స్కూల్ (పరీక్ష నెగ్గినవాళ్ళకే సీటు, ఫీజు లేదు) ఉంది, మగపిల్లలకొకటి ఉంది. ఇంగ్లండు మొత్తంలో అలాంటివి 163 మాత్రమే మిగిలాయి. పదేళ్ళకే ప్రవేశ పరీక్ష. ప్రైవేటు స్కూలు ఫీజుల మీద 2025 జనవరి నుంచి 20 శాతం వ్యాట్ కూడా పడుతోంది, రమేష్ లాంటి తండ్రికి గ్రామర్ స్కూల్ తప్ప ఇంకో దారి కనపడదు. శనివారాలు ట్యూషన్లో కూర్చున్న ఆ పిల్ల కిటికీలోంచి ఫుట్‌బాల్ ఆట చూడటం చదివి నాకు గొంతు పట్టేసింది.

2013లో బీబీసీ బ్రిటన్‌లోని వర్గాల మీద ఒక పెద్ద సర్వే ఫలితాలు ప్రకటించింది. లక్షా అరవై వేల మందికి పైగా పాల్గొన్నారు. మూడు వర్గాల పాత లెక్క పక్కనబెట్టి ఏడు వర్గాలు చెప్పారు. నాకు నచ్చింది అందులో అడిగిన ఒక సంగతి: నీకు తెలిసినవాళ్ళలో లారీ డ్రైవరు ఉన్నాడా, సొలిసిటర్ (లాయరు) ఉన్నాడా, నర్సు ఉందా, సాఫ్ట్‌వేర్ డిజైనర్ ఉన్నాడా, క్లీనర్ ఉందా? రమేష్ ఫోను తీసి ఆ ప్రశ్న అడిగి చూడు. అందులో సాఫ్ట్‌వేర్ వాళ్ళు నలభై మంది ఉంటారు, అందరూ మనవాళ్ళే. ఉగాది ఫంక్షన్లో కొత్తగా పరిచయమైనవాళ్ళు "మీదే ఊరండీ, ఇంటిపేరేంటండీ" అని అడిగే ప్రశ్న వెనక ఏముందో నీకు తెలుసు. బ్రిటిష్ నిచ్చెన తెలియకపోయినా మన నిచ్చెన మనం విమానంలో మోసుకెళ్ళాం. నీ కథలో కులం మాట ఎక్కడా లేదు. మొహమాటపడి వదిలేశావనిపించింది. మొహమాటం వద్దు.

చివరగా ఒక ఫారం గురించి. 2019లో, నేను రిటైరయ్యే ముందు, మా ఆఫీసులో అందరికీ ఇచ్చారు. అక్కడ చాలా ఆఫీసుల్లో అడుగుతారు: "మీకు పద్నాలుగేళ్ళప్పుడు మీ ఇంట్లో ఎక్కువ సంపాదించే మనిషి ఏ పని చేసేవారు?" జీతం ఎంతని అడగరు, పని అడుగుతారు. మనిషి ఏ వర్గంలోంచి వచ్చాడో పట్టుకోవడానికి అదే మంచి ప్రశ్న అని వాళ్ళ నమ్మకం. నాకూ మంచి ప్రశ్నే అనిపించింది. కానీ జవాబు పెట్టలేకపోయాను. మా నాన్నకి రెండెకరాల సొంత మెట్ట, మూడెకరాల కౌలు. సీజన్లో రాత్రిళ్ళు వేరేవాళ్ళ పొగాకు బ్యారన్ (ఆకు ఆరబెట్టే కొట్టు) దగ్గర మంట చూసేవాడు. పొద్దున్నే ఇంటికొస్తే చొక్కా అంతా పొగ వాసన. ఫారంలో ఒక గడిలో చిన్న వ్యాపారాల యజమానులు ఉన్నారు. ఇంకో గడిలో పొలం కూలీ, క్లీనర్, సెక్యూరిటీ గార్డు ఉన్నారు. మా నాన్న పగలు మొదటి గడి, రాత్రి రెండో గడి. ఊళ్ళోవాళ్ళ లెక్కలో మాది పరువైన రైతు కుటుంబం. పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను. పక్క సీటులో ఇంగ్లీషు అమ్మాయి అర నిమిషంలో టిక్ పెట్టేసి వెళ్ళిపోయింది. నేను చివరికి "చెప్పడం ఇష్టం లేదు" అన్న గడి నింపాను. చెప్పాలని ఎంత ఇష్టంగా ఉందో ఆ ఫారానికి తెలియదు. ఆ రాత్రే మా నాన్న గురించి మొదటిసారి కథ రాశాను.

రమేష్‌కి పద్నాలుగేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఏం చేసేవాడు? కథలో ఎక్కడా రాయనవసరం లేదు. నువ్వు మాత్రం తెలుసుకో. తెలిస్తే అతను తోటకూర విత్తనాలు చల్లే తీరే మారిపోతుంది.

రెండో ప్రతి పూర్తవగానే పంపు. చలికాలంలో నా కళ్ళకి స్క్రీన్ పడటం లేదు, ప్రింటు తీసి పోస్టులో పంపితే మేలు. ఏడో పేజీలో ఈసారి వాన తర్వాత రావచ్చు. ముందు హెలెన్ రమేష్‌కి ఏదో ఒక జవాబు చెప్పాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ