గీత దగ్గర కార్డు పగులుతోంటే

ప్రశ్న: ఫోల్డింగ్ మిషన్ మీద ఆర్ట్ కార్డు శుభలేఖలకు మడత గీత వేస్తూ, అదే పాసులో రెండుగా కోస్తున్నాం. గీత వెంట ఇంకు పగులుతోంది, కోత అంచు పీచుపీచుగా వస్తోంది.
– ఒక ప్రెస్సు యజమాని, కావలి

జవాబు: బ్లేడును తిట్టే ముందు కార్డును చేత్తో రెండు దిక్కులా వంచి చూడండి. సులువుగా వంగిన దిక్కునే మడత రావాలి. షీట్లు ఆ దిక్కుకు, అంటే కాగితం నారకు, అడ్డంగా మడత పడేలా కోయించి ఉంటే ఏ సెట్టింగూ పూర్తిగా కాపాడదు.

మడత ప్లేట్లు మూసి షీటు నేరుగా పోయేలా చేయండి. రోలర్ల సందు అదే కార్డు ముక్క పెట్టి సర్దండి. గీత వేసే బ్లేడు కార్డును కింది గాడిలోకి నొక్కుతుంది. ఆ గాడి వెడల్పు = గీత బ్లేడు మందం + కార్డు మందానికి ఒకటిన్నర రెట్లు. బ్లేడు 0.7, కార్డు 0.3 మి.మీ. అయితే గాడి 1.15 మి.మీ. ఇరుకైతే కార్డు నలిగి తెగుతుంది. గీత వేశాక కార్డు ఉబ్బిన వైపు మడత లోపలికి రావాలి, చాలామంది తిరగేస్తారు.

కోతకు పై కోత చక్రం కింది చక్రం పక్కను తేలిగ్గా తాకితే చాలు. సందుంటే పీచు, గట్టిగా నొక్కితే పదును పోతుంది.